తప్పు మనదేనని తేల్చిన మేడమ్

మా టీం లీడ్ మేడమ్ పోయారని సోమవారం పొద్దున తెలిసింది. అప్పుడు నేను కొండాపూర్‌లో ఆఫీసు బస్సు కోసం నిలబడి ఉన్నాను. పదింటికల్లా కంపెనీ సంతాప మెయిల్ వచ్చింది. అందులో ఆమెను మృదుస్వభావి అన్నారు. నేను ఒప్పుకోను. ఆరేళ్లు ఆమె కింద పనిచేశాను. ఆమె లొంగని మనిషి.

ఒక బ్లడ్ బ్యాంకులో బాగా పాత కంప్యూటర్ ఉండేది. దాని విడిభాగాలు దొరకడం మానేశాయి. రక్తం సంచుల గడువు లెక్కగట్టే దాని పాత ప్రోగ్రాంను ముట్టుకోకుండా కొత్త కంప్యూటర్‌లో నడపాలని, అచ్చం ఆ యంత్రంలా ప్రవర్తించే ఎమ్యులేటర్‌ను మా టీం రాసింది. ప్రోగ్రాం నడిచింది. కానీ పరీక్షల్లో అప్పుడప్పుడు, గడువు దాటిన రక్తం సంచిని కూడా వాడవచ్చని చూపించేది.

"లోపం పాత ప్రోగ్రాంలోనే ఉందని రాసి సంతకం పెట్టండి మేడమ్. శుక్రవారం అప్పగించాలి" అన్నాడు మేనేజర్.

"ఇన్నేండ్లు సక్కగనే నడిచింది గద సార్. మన దగ్గరికి రాంగనె చెడిపోయిందా? నేను పెట్ట."

పట్టుబట్టి పాత యంత్రాన్ని తెప్పించారు. రెండింటిలోనూ ఒక్కో ఆదేశమే నడిపి, ఫలితాలను కాగితం మీద పక్కపక్కన రాసుకుంటూ పోయారు. అప్పటికే ఆమెకు కీమో నడుస్తోంది. తలకు స్కార్ఫ్ కట్టుకుని వచ్చేవారు. ఇంటి నుంచి చేయమంటే, "ఇంట్ల ఆ మెషీన్ లేదు గద" అనేవారు.

శుక్రవారం దాటిపోయింది. తొమ్మిదో రోజు నన్ను పిలిచి ఒక వరుస చూపించారు. తీసివేతలో ఫలితం సున్నా కంటే తగ్గితే యంత్రం ఒక గుర్తు పెట్టుకోవాలి. ఒక్క సందర్భంలో ఎమ్యులేటర్ అది పెట్టడం లేదు; అందుకే గడువు దాటిన సంచికి ఇంకా రోజులు మిగిలినట్టు లెక్క వచ్చేది. ఆ భాగం రాసింది నేను.

"మీటింగుల నువ్వే చెప్పు బిడ్డ. నేను పక్కన కూసుంట."

చెప్పాను. నన్ను ప్రాజెక్టు నుంచి తీసేస్తానన్నాడు మేనేజర్.

"తప్పు ఒప్పుకున్నోళ్లను తీసేస్తె రేపు ఎవరు ఒప్పుకుంటరు సార్? తీసేసుడైతె ఇద్దరినీ తీసెయ్యండి" అన్నారామె, గొంతు పెంచకుండానే.

ఎవరినీ తీసేయలేదు. సాయంత్రానికి సరిచేశాను. ఆమె మళ్లీ మొదటి నుంచి పరీక్షించి, "ఇగ పంపు" అన్నారు.

పోయిన నెల దవాఖానకు వెళ్లి ఆమెను చూశాను. మంచం పక్కన మందు ఎక్కించే యంత్రం ఆగకుండా మోగుతోంది. నర్సు ఆ చప్పుడు ఆపబోతే మేడమ్ చెయ్యి అడ్డం పెట్టారు.

"బంద్ జెయ్యకమ్మా. ఎందుకు మొత్తుకుంటుందో జర చూడు."

నర్సు వంగి దుప్పటి ఎత్తింది. మోచేతి కింద గొట్టం మడతపడి ఉంది. మేడమ్ తనే రెండు వేళ్లతో దాన్ని సవరించి, మళ్లీ చుక్క పడేదాకా తల తిప్పకుండా చూస్తూ ఉన్నారు.