చేతులు తడవని డబ్బా

మొన్న ఆదివారం మా మనవరాలు వంటింటి గట్టు మీద నల్ల ప్లాస్టిక్ డబ్బా ఒకటి పెట్టుకుని, చేతులకు రబ్బరు తొడుగులు వేసుకుని, పట్టపగలు కిటికీలు బార్లా తెరిచి ఉండగానే ఫిల్ము కడిగింది. ఈ కాలం పిల్లలకు మళ్ళీ ఫిల్ము కెమెరాల మీద మోజు పుట్టిందట. "అమ్మమ్మా, చెయ్యి తడవకుంటనే అయిపోతది, సూడు" అని అది మురిసిపోతుంటే, అలాంటిది నేనూ ఒకటి చేశానని చెప్పబోయి, కడిగిన ఫిల్ము ఆరేయడానికి దండెం మీది క్లిప్పులు తెచ్చిచ్చాను.

నేను పెళ్ళై వరంగల్ వచ్చేనాటికే మా ఆయనకు చిన్న స్టూడియో ఉండేది. ఫోటోలు తీయడం ఆయన వంతు, ఇంట్లో స్నానాలగదిలో ఫిల్ములు కడగడం నా వంతు. ఆ రోజులు ఎరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, తలుపు సందుల్లో దుప్పట్లు కుక్కి, చిమ్మచీకట్లో ఫిల్మును రెండు కొసలా పట్టుకుని మందునీళ్ళ పళ్ళెంలో పైకీ కిందికీ ఊపుతూనే ఉండాలి. పెళ్ళిళ్ళ కాలంలోనూ, ఆయన మేడారం జాతర నుంచి తిరిగొచ్చినప్పుడూ నాకు వేరే పనే ఉండేది కాదు. కొన్నాళ్ళకే వేళ్ళ సందుల్లో దద్దుర్లు లేచి, చర్మం పగిలి నెత్తురు కారేది. ఆ నీళ్ళు ముట్టవద్దని దవాఖానలో డాక్టరమ్మ చెప్పింది. నేను కలిపిన అన్నం తినడానికి మా అత్తమ్మ జంకేది. ఆయన మాత్రం "జర ఓర్సుకో, అలవాటైతది" అనేవాడు.

ఓర్చుకోలేకే ఆలోచించాను. వెలుతురు మలుపు తిరగదు, నీళ్ళు తిరుగుతాయి కదా, మూతకు మెలికల గొట్టం పెడితే మందు లోపలికి పోతుంది, వెలుతురు పోదు. మా వీధి చివర రేకు డబ్బాలు అతికే చాచా దగ్గరికి వెళ్ళి రేకుతో చేయిస్తే, మందు దాన్ని తినేసి ఫిల్మంతా మచ్చలు పడ్డాయి. ఈసారి నా పుట్టింటి స్టీలు టిఫిను డబ్బా తీసుకుపోయాను. లోపల ఫిల్ము చుట్టే చక్రం, బయట దాన్ని తిప్పే పిడి. చీకట్లో ఫిల్ము చుట్టి మూత బిగిస్తే చాలు, ఆపైన అంతా వెలుతురులోనే, చేయి తడవకుండానే. "మంచి దిమాక్ బిడ్డా నీది" అన్నాడు చాచా. ఆ పనికి నేను విన్న మెచ్చుకోలు అదొక్కటే.

పుండ్లు మానాయి. అత్తమ్మ నా చేతి అన్నం తిన్నది.

ఆ తరువాత ఫోటోగ్రాఫర్ల సభ జరిగితే ఆయన ఆ డబ్బాను వెంట తీసుకుపోయాడు. నేను వెనక ఆడవాళ్ళ వరుసలో కూర్చున్నాను. వేదిక మీద దాన్ని విప్పి చూపిస్తూ, "మా ఇంటామె చేతులు సూడలేక నేనే తయారు జేసిన" అన్నాడు. చప్పట్లు మోగాయి, శాలువా కప్పారు. హైదరాబాదు నుంచి వచ్చిన పెద్దమనిషి ఎవరో ముచ్చటపడితే, మా ఆయన డబ్బాను అక్కడికక్కడే అతని చేతిలో పెట్టేశాడు.

ఇంటికి వస్తూ స్కూటరు మీద అడిగాను, "గా డబ్బా చేసింది నేను గదా?" అని.

"నువ్వు జేసినవంటె నవ్వుతరు. నీది, నాది అని వేరే ఏముంటదే?" అన్నాడు, తల తిప్పకుండానే.

మరొకటి చేయించుకోలేక కాదు, చాచా దుకాణం అక్కడే ఉంది. చేయిస్తే అదీ ఆయనదే అవుతుందన్న రోషం నాది. పంతానికి మళ్ళీ పళ్ళెంలోనే చేతులు పెట్టాను. కలర్ ల్యాబులు వచ్చి మా పని మూతపడేదాకా ఆ పుండ్లు మానలేదు. ఆయన ఒక్కనాడూ నా చేతుల వంక చూసి ఎందుకని అడగలేదు.

ఆయన పోయినప్పుడు పాత స్నేహితులు వచ్చి ఆ డబ్బా సంగతే తలుచుకున్నారు. ఒకాయన కళ్ళు తుడుచుకుంటూ "భార్యంటే గంత పాణం ఆయనకు" అన్నాడు. నేను తల ఊపాను.

ఇప్పుడు ఆడపిల్లలు తాము చేసినదాన్ని తమ పేరుతోనే లోకానికి చూపిస్తున్నారు, ఎవరూ నవ్వడం లేదు. నేనూ చెప్పుకోవచ్చు, అడ్డుపడేవారెవరూ లేరు. కానీ ఆనాడు చప్పట్లు కొట్టినవాళ్ళంతా ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. వాళ్ళకు చెప్పవలసిన మాట అది.