మామ మండపంలో మీటరు పెట్టినాను

అణుశక్తి గురించి జనానికి రవంత ధైర్యం చెప్పొద్దామని పోయి, సొంత మేనమామ నోట్లో మన్ను కొట్టొచ్చిన మొనగాణ్ణి మీరు చూసుండరు. ఇప్పుడు చూడండి, నేనే. పేలుడు లేదు, పొగ లేదు, ఎవరికీ చిన్న గీత పడలేదు. అయినా మా మునిరత్నం మామ కట్టించిన కొత్త కల్యాణమండపం పరువును టీ తాగినంత సేపట్లో నేల మట్టం చేసినాను.

అప్పుడు నేను ఏర్పేడు దగ్గర ఫిజిక్సులో పరిశోధన చేస్తా ఉంటిని. చదువు ఎంతొచ్చిందో దేవుడికెరుక గానీ నోరు మాత్రం జాస్తి. "అణువిద్యుత్తు అంటే జనం భయపడతా ఉండారు. మీ ఊళ్ళకు పోయి వాళ్ళ మాటల్లో చెప్పండి" అని మా సారు అన్నాడో లేదో, అందరికన్నా ముందు చెయ్యెత్తినాను. మా అమ్మ పుట్టిల్లు పలమనేరు ఉండనే ఉండాది, ఆడ మామ మండపం ఉండాది, ఇంకేం కావల్ల?

మామ ఏండ్ల తరబడి టమోటా మండీలో వేలం పాటకు గొంతు చించుకుని సంపాదించిందంతా ఆ మండపంలో పోసినాడు. నేలంతా అద్దం మాదిరి ఎర్ర గ్రానైటు. దాని మీద ఎవరైనా చెప్పులతో అడుగు పెడితే ఆయన గుండెల మీద తొక్కినట్టే. ఇంకా ఒక్క పెండ్లి జరగలేదు. మొదటి పెండ్లి ఖాదర్ బాయ్ కూతురిదని మాట అయింది. ఖాదర్ బాయ్‌ది బజారులో పెద్ద బట్టలంగడి. ఆయన యాడ పెండ్లి చేస్తే ఊరు ఊరంతా ఆడనే చేస్తుంది. మామ ఆశంతా ఆ ఒక్క పెండ్లి మీదనే.

"మీటింగు మన మండపంలోనే పెట్టు అల్లుడా. జనం హాలు చూసినట్టూ ఉంటుంది" అన్నాడు మామ, పాపం.

జనం బాగానే వచ్చినారు. సగం మంది పాలకేంద్రంలో పాలు పోసి, ఖాళీ క్యాన్లతో అట్లనే వచ్చి కూర్చున్నారు. నేను మైకు పట్టుకుని, మన చుట్టూ గాలిలో, మట్టిలో, రాళ్ళలో రవంత రేడియేషన్ ఎప్పుడూ ఉంటుందని, దాన్తో మనకేమీ కాదని, దాన్ని కొలిచే మీటరు ఇదేనని చూపించినాను. ఒక్క మొహంలో చలనం లేదు. ముందు వరసలో ఇద్దరు ఆవులించినారు కూడా. సరిగ్గా అప్పుడు నా బుర్రలో ఆ దిక్కుమాలిన ఆలోచన పుట్టింది.

"ఏం లేదప్పా, పాలకేంద్రంలో ఫ్యాటు చూసే మిషను ఉండాది గదా, ఇదీ అట్లాంటిదే" అన్నాను.

హాలంతా లేచి కూర్చుంది. పలమనేరులో ఆవులుండే ఇంటికి, పాలలో వెన్న ఎంతుందో చెప్పే ఫ్యాటు నంబరంటే ఏమిటో మీకు తెలుసో లేదో. ఎక్కువ వస్తే మంచి పాలు, మంచి రేటు. తక్కువ వస్తే ఆ పూట ఇంట్లో మొగుడూ పెండ్లాల మధ్య మాటలుండవు. ఇది నాకు బాగా తెలుసు. తెలిసి కూడా అన్నాను చూడండి, అదీ నా తెలివి.

"మా క్యాను మీద పెట్టు నాయనా" అనింది ఒక అవ్వ.

పెట్టినాను. "తక్కువే అవ్వా, భయం లేదు."

అవ్వ మొహం ముడుచుకునింది. "ఇంగోసారి సరిగ్గా పెట్టు. మా ఆవుకు నిన్ననే కొత్త దాణా వేసినాము."

ఒకాయన చెయ్యి చాపినాడు, ఇంకొకాయన సెల్లు చాపినాడు. అందరికీ తక్కువే. మామ ఊరుకుంటాడా? పంచె ఎగగట్టి ముందుకొచ్చి, "మన నేల మీద పెట్టు అల్లుడా, తేలిపోతుంది" అన్నాడు.

కొన్ని రకాల గ్రానైటులో యురేనియం, థోరియం లాంటివి చిటికెడు కలిసుంటాయి. ఆ ముక్క పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణే నేను. అయినా వంగి నేల మీద పెట్టినాను. మీటరు బాణలిలో ఉలవలు వేయించినట్టు చిటపటలాడింది. నంబరు రెండింతలు దాటింది.

"సూసినారా, అందరికన్నా మనదే జాస్తి" అని మామ మీసం దువ్వినాడు. "ఫస్టు క్వాలిటీ రాయి అని నేను చెప్తే నమ్మకపోతిరి." జనం చప్పట్లు కొట్టినారు. ఎవరో వీడియో తీస్తా ఉంటే మామ మీటరు పక్కన నిలబడి నవ్వినాడు.

ఖాదర్ బాయ్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. "అంతా సరే బాబూ, నంబరు జాస్తి వచ్చింది. ఇంతకూ జాస్తి వచ్చింది ఏంది?" అన్నాడు.

"రేడియేషన్ బాయ్" అన్నాను.

ముందు వరసలోవాళ్ళు కాళ్ళెత్తి కుర్చీల మీద పెట్టుకున్నారు.

"భయపడొద్దండి, ఇది చాలా తక్కువ" అన్నాను.

"ఇప్పుడే గదా జాస్తి అంటివి?"

"జాస్తే. కానీ తక్కువ జాస్తి."

"తక్కువ జాస్తి అంటే ఏందప్పా?"

"అంటే, భయపడేంత జాస్తి కాదు."

"అయితే మేము రవంత భయపడితే చాలునా?" అన్నాడు వెనకనుంచి ఒకాయన, నిజంగానే తెలుసుకుందామని.

అవ్వ క్యాను చంకనబెట్టుకుని, మునివేళ్ళ మీద నడుస్తా బయటపడింది. మిగతా జనం ఆమె వెనకనే. సాయంత్రానికి ఆ వీడియో 'పలమనేరు మండపంలో బాంబు రాయి' అనే పేరుతో వాట్సాప్‌లో తిరగతా ఉండింది. మామ నవ్వుమొహంతో సహా.

మరుసటి రోజు ఖాదర్ బాయ్ ఇంటికొచ్చినాడు. "మునిరత్నం, నాకు నీ మీద నమ్మకమే. మా వియ్యంకులు వీడియో చూసి ఆ హాలు వద్దంటా ఉండారు. ఆడబిడ్డ పెండ్లి, నేనేం చేసేది?" అని తలొంచుకుని పోయినాడు. మామ పోయి ఖాళీ మండపంలో నేల మీద ఒక్కడే కూర్చున్నాడు. దానికన్నా నన్ను తిట్టినా బాగుండు అనిపించింది. అత్త మాత్రం బాకీ ఉంచుకోలేదు, ఉప్పు లేని ఉప్మా పెట్టింది.

ఇల్లిల్లూ తిరిగి చెప్పినాను, ఏమీ కాదు, ఏమీ కాదని. "నీకేమప్పా, నువ్వు ఏర్పేడులో ఉంటావు" అన్నారు అందరూ. ఉసూరుమంటా తిరిగొస్తే మామ అడిగినాడు.

"ఆ నేలతో ఏమీ కాదు గదా అల్లుడా?"

"ఏమీ కాదు మామా, నా చదువు మీద ఒట్టు."

"అయితే ఫస్టు పెండ్లి నీది. ఈడనే."

చదువయ్యేదాకా పెండ్లి మాట ఎత్తొద్దని అమ్మను ఏండ్లుగా తప్పించుకుంటా ఉంటిని. ఇప్పుడు కాదంటే రాయి చెడ్డదని నేనే ఒప్పుకున్నట్టు. అమ్మ అప్పటికే పుత్తూరు సంబంధం ఒకటి కొంగున ముడేసుకుని ఉండాది. ఆ పిల్ల ఇందుమతి ఫోన్లో, "మీ వీడియో మా ఇంట్లో అందరం రెండుసార్లు చూసినాము" అని నవ్వి, సరేననింది. ఆ నవ్వుకు నేను నిజంగానే పడిపోయినాను.

పెండ్లి ఘనంగా జరిగింది. ఖాదర్ బాయ్ వచ్చి, కడుపునిండా తిని, నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "బాగానే ఉండాడు. రవంత కాలం చూస్తాం" అన్నాడు. చూసినాడు. నాకేమీ కాలేదు. కూతురి పెండ్లి వేరే చోట చేసినా, కొడుకు పెండ్లి మామ మండపంలోనే చేసినాడు.

ఇప్పుడు మండపం బ్రహ్మాండంగా నడుస్తా ఉండాది. బుకింగుకు వచ్చినవాళ్ళు ఆ పాత వీడియో ఎత్తితే చాలు, మామ నాకు వీడియో కాల్ చేస్తాడు. "అల్లుడా, లేచి నిలబడు. ఒకసారి తిరుగు. నోరు తెరిచి పండ్లు చూపించు. మీ పాపను ఎత్తుకో." నేను తిరగతా ఉంటాను, పాప చెయ్యి ఊపతా ఉంటుంది, మామ అడ్వాన్సు తీసుకుంటా ఉంటాడు.

అంతా బాగుండాది అనుకునేలోపల, పోయిన నెల నుంచి నా జుట్టు ఊడటం మొదలైంది. మా నాయనది బట్టతలే, తాతదీ బట్టతలే. ఇందులో గ్రానైటు పాపం ఏమీ లేదు. మామకు అదే చెప్పినాను.

"నాకు తెలుసు అల్లుడా. జనానికి తెలిసేదెట్ల? ఇది ముహూర్తాల సీజను. సీజను అయ్యేదాకా ఒక్క వెంట్రుక కూడా రాలకూడదు" అని టోపీ పంపించినాడు.

కాబట్టి, మిగిలిన నాలుగు వెంట్రుకల మీద చెయ్యి పెట్టి, మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తా ఉండాను. ఇంక ఈ జన్మలో జనం మధ్యలో మీటరు బయటికి తీయను. అణుశక్తి గురించి ఎవరైనా అడిగితే నోటితోనే చెప్తాను. అదీ టోపీ పెట్టుకునే.