షార్లెట్‌కి మోసుకెళ్ళిన మాట

ఆ రోజు రేడియోలో నేను "ఆగు" అనలేదు. "ఖాళీ" అన్నాను. ఇది ఎవరికీ చెప్పలేదు, డైరీలో కూడా రాసుకోలేదు. స్వాతక్కకి చెప్పేద్దామని శుక్రవారం పొద్దున బయల్దేరాను.

కమ్మింగ్ నుంచి నాన్న అట్లాంటా బస్ స్టేషన్‌లో దింపారు. షార్లెట్ బస్సు ఎనిమిదింబావుకి. టికెట్ నలభై రెండు డాలర్లు. కిటికీ సీటు కావాలంటే అరగంట ముందే వెళ్ళాలి. బ్యాగులో అక్క కోసం అమ్మ ఇచ్చిన గోంగూర పచ్చడి.

పక్క సీట్లో నెల్లూరు అంకుల్ ఒకరు కూర్చున్నారు. తెలిసినవాళ్ళ అక్క దగ్గరికి వెళ్తున్నానని చెప్పాను.

"అక్క ఏం చేస్తుందమ్మా?"

"కార్ రేసింగ్, అంకుల్."

"అది సరే. జాబ్?"

"అదే జాబ్."

"వాళ్ళమ్మా నాన్నా ఊరుకున్నారా?"

"వాళ్ళే టైర్లు మోసేవాళ్ళు."



స్వాతక్క మా ఫ్యామిలీ ఫ్రెండ్స్ అమ్మాయి. తొమ్మిదేళ్ళకి గో-కార్ట్ ఎక్కింది, పంతొమ్మిదికి స్టాక్ కార్. చూడ్డానికి రోడ్డు మీది కారులాగే ఉంటుంది, లోపలంతా ఇనుప గొట్టాల పంజరం. మెడకి పట్టీ వేస్తారు కాబట్టి డ్రైవర్ తల తిప్పి చూడలేరు. స్టాండ్స్ పైనుంచి స్పాటర్ అనే మనిషి పక్క కార్లని చూసి రేడియోలో చెబుతూ ఉండాలి: పక్కన ఉంది, ఇంకా ఉంది, ఖాళీ. మిగతా టీములు మా రేడియో వింటాయని అక్క తెలుగు స్పాటర్ కావాలంది. నలుగురిలో నోరు విప్పని నేను ఆమె చెవిలో మాత్రం గలగలా మాట్లాడేదాన్ని.

పోయిన వేసవిలో, రేసు ముగియడానికి పదిహేను లాపులుండగా, పొద్దుగూకే ఆకాశం గురించి డైరీలో ఒక వాక్యం రాసుకుంటున్నాను. "హారీ, కుడివైపు?" అని రేడియోలో నన్నడిగింది అక్క. తల ఎత్తకుండానే "ఖాళీ" అన్నాను. అక్కడ కారుంది.

అక్క కారు గోడకి కొట్టుకుంది. ఆమె మెడలో రెండు ఎముకలు విరిగాయి. వాళ్ళమ్మా నాన్నా అక్క దగ్గర ఆసుపత్రిలో ఉండగా, తెలుగు రాని టీమ్ ఓనర్ రేడియో రికార్డింగ్ వినిపించి, ఆ మాటకి అర్థమేమిటని నన్నడిగారు. "ఆగమన్నాను" అని చెప్పాను. స్పాటర్ మాట వినని డ్రైవర్ అని అక్కని తీసేశారు.

గ్రీన్‌విల్‌లో బస్సు పది నిమిషాలు ఆగింది. కాఫీ నీళ్ళలా ఉంది. ఒంటిగంటన్నరకి షార్లెట్ చేరాం.

అక్క ఇప్పుడు టైర్ల షాపు కౌంటర్‌లో పనిచేస్తోంది. అపార్ట్‌మెంట్‌లో ఆమె హెల్మెట్‌లో ఉల్లిపాయలున్నాయి.

"గాలి తగుల్తుంది, మొలకలు రావు," అంది నా చూపు గమనించి.

మళ్ళీ రేసు చేయవచ్చని మార్చిలోనే డాక్టర్ ఒప్పుకున్నాడట. మూడు టీములకి ఫోన్ చేసింది. "మాట వినదట కదా అంటారే. చిన్నప్పుడు అమ్మ అన్న మాటే. అప్పుడు అన్నం పెట్టి మరీ అనేది."

నవ్వింది. నేను నవ్వలేకపోయాను. చెప్పనూ లేకపోయాను. శనివారం పాత ట్రాక్ దాకా తీసుకెళ్ళింది. గేటు ముందు కారాపి, లోపల ఇంజన్ల మోత కాసేపు విని, వెనక్కి తిప్పేసింది.

ఆదివారం నా బస్సు పదకొండుంబావుకి. ఐదు గంటల దారిలో ఆ మాట సులువవుతుందనుకుని వచ్చాను. రెండు రోజులకి అది ఇంకా బరువెక్కింది.

హైవే ర్యాంప్ మీద అక్క వేగం తగ్గించింది. ఆమె తల సగమే తిరుగుతోంది.

"వెనక చూడవే. ఖాళీయేనా?"

సీటు బెల్టు లాగిపట్టి పూర్తిగా వెనక్కి తిరిగాను. ఎడమ లేన్‌లో ట్రక్కు.

"ఆగు," అన్నాను.

ట్రక్కు వెళ్ళిపోయింది. "ఇప్పుడు ఖాళీ." అక్క హైవే మీదికి ఎక్కింది.

"ఆ రోజు నేను ఆగు అనలేదక్కా."

"నా చెవిలోనేగా అన్నావు. నాకు తెలీదా?"

"మరి ఎందుకు చెప్పలేదు?"

 స్టేషన్ ముందు కారాపి, నా బ్యాగు తీసి చేతికిచ్చింది. అప్పుడంది:

"నాకు చెప్పి ఏం లాభమే? తెలుగు రానివాళ్ళకి చెప్పు."