మణెమ్మ వేసిన నేల

ఏడేళ్ళయింది. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. విన్నవాళ్ళు "ఇంతేనా?" అంటారేమోనని ఒక భయం. "ఇంత పని చేశావా?" అంటారేమోనని ఇంకో భయం. ఈ రెండింటి మధ్య లోపలి బరువు పెరిగిందే కానీ తగ్గలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. అందుకే మీకు చెబుతున్నాను.

నేను యూనివర్సిటీ క్యాంపస్‌లో పాఠాలు చెబుతాను. తార్నాకలో రెండో అంతస్తులో ఉంటాను. అప్పట్లో ఆ ఫ్లాటులో నాయన, నేను, ఇద్దరమే. అమ్మ పోయాక మల్కాజ్‌గిరిలో అద్దె ఇల్లు ఖాళీ చేయించి ఆయనను నా దగ్గరికి తెచ్చుకున్నాను. నాయన తాపీ మేస్త్రి. నలభై ఏళ్ళు ఆ పనే చేశాడు. ఇప్పుడు నేను నడిచే క్యాంపస్‌లో కొన్ని పాత హాస్టళ్ళ గచ్చులు ఆయన చేతి పనే.

నాకు పదేళ్ళప్పుడు, ఎండాకాలం సెలవుల్లో, అలాంటి ఒక పనికి నన్ను వెంట తీసుకుపోయాడు. ఆయన అన్నం తింటుండగా నేను తాపీ తీసుకుని, గమేళాలో మిగిలిన మాలు ఎత్తి గోడకు మెత్తాను. సిమెంటు, ఇసుక కలిపిన ఆ తడి ముద్ద గోడను పట్టుకుని నిలిచినప్పుడు ఎంత సంబరపడ్డానో! నాయన ఎంగిలి చేత్తోనే లేచి వచ్చి తాపీ లాక్కున్నాడు. నన్ను నల్లా దగ్గరికి తీసుకుపోయి రెండు చేతులూ తానే కడిగాడు. "ఇది నీ చేతికి అంటొద్దు బిడ్డా. నువ్వు పెన్ను వట్టాలె," అన్నాడు.

అది ప్రేమే. ఈ ఉద్యోగం ఆ ప్రేమ పెట్టిందే. నాకు తెలుసు. కానీ నేను మెత్తిన మాలు ఎట్లా ఉందో ఆయన తిరిగి చూడనైనా లేదు. తర్వాత నేను ఏం చేసినా అంతే. పీహెచ్‌డీ పూర్తయిన రోజు అట్ట వేయించిన థీసిస్ తెచ్చి ఆయన చేతుల్లో పెట్టాను. కాసేపు పట్టుకుని, "మంచిగున్నది. తిన్నవా?" అన్నాడు. చదువురాని మనిషి, ఇంకేం అంటాడు? అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సర్దుకున్నానా? లేదనుకుంటాను.

ఏడేళ్ళ కిందట నాయన బాత్‌రూంలో జారి పడ్డాడు. మోకాలు వాచింది. పాత మొజాయిక్ నున్నబడిపోయింది, గడప ఎత్తు. మొత్తం తీసేసి కొత్తగా చేయిద్దామనుకున్నాం. యాదగిరి అనే మేస్త్రిని మాట్లాడాం. మాలు కలపడానికి, ఇసుక మోయడానికి అతను మణెమ్మను వెంట తెచ్చాడు. ముప్పై ఐదేళ్ళుంటాయి. నాకంటే పదేళ్ళు చిన్న. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాల. పెద్దగా మాట్లాడేది కాదు.

పగలగొట్టడం అయిపోయి పని మొదలయ్యాక నాయన బాత్‌రూం గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. యాదగిరి గోడకు టైల్స్ అంటిస్తుంటే, కింద మిగిలిన సందుల్ని మణెమ్మ చేత్తోనే మాలుతో పూడ్చేది. నాయన ఆ చేతినే చూస్తూ కూర్చున్నాడు. నాలుగో రోజు ఉన్నట్టుండి, "యాదగిరీ, కింద నేల ఆమెతోని ఎయ్యించు. నేను దగ్గరుంట," అన్నాడు. యాదగిరి నవ్వాడు. నాయన నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళి, మంచం కింది రేకు పెట్టెలోంచి తన తాపీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

నేను చాయ్ గ్లాసులతో వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్నాను. చాయ్ ఇచ్చాను. క్యాంపస్‌కు వెళ్ళిపోయాను. ఆ రోజు క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు.

స్నానం చేసే చోట నేల వేయడం తేలిక పని కాదట. నాలుగు వైపుల నుంచీ వాటం నీళ్ళు పోయే జాలీ వైపు దిగాలి. ఎక్కడా నీళ్ళు నిలవకూడదు, అయినా కాలికి ఏటవాలు తెలియకూడదు. నాయన వాచిన మోకాలితో నేల మీద కూర్చుని, ఆమె మణికట్టు పట్టుకుని, ఎంత ఒత్తాలో చూపించాడు. రెండు రోజులు. పనయ్యాక రసమట్టం పెట్టి చూడలేదు. అరచేతితో నేలంతా తడిమాడు. "చెయ్యి ఉన్నది బిడ్డా నీకు," అన్నాడు.

బిడ్డా అన్నాడు. అది నా పిలుపు. చెయ్యి ఉన్నది అన్నాడు. ఆ మాట కోసం నేను ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో ఆ క్షణం వరకు నాకే తెలియదు. నలభై ఐదేళ్ళదాన్ని, పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని, ఇసుక మోసే మనిషిని చూసి కుళ్ళుకున్నాను. ఆమెకు ఉన్నదేమిటి? నాకు లేనిదేమిటి? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. ఏ జవాబూ నన్ను మంచిదాన్ని చేయలేదు.

నేల ఆరాక, నీళ్ళు దిగకుండా పైన రెండు పూతలు పూశారు. టైల్స్ పరిచే ముందు నీళ్ళు నిలబెట్టి చూడాలి. జాలీకి గుడ్డ కుక్కి, నాలుగు వేళ్ళ ఎత్తున నీళ్ళు నింపారు. నాయన గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు. మర్నాడు సాయంత్రానికి నీళ్ళు గీత దగ్గరే ఉంటే నేల గట్టిది. దిగితే ఎక్కడో కారుతున్నట్టు. కింది ఫ్లాటువాళ్ళు ఊరికి పోయి తాళం వేసి ఉంది కనుక వాళ్ళ కప్పు చూసే వీలు లేదు. ఆ గీతే సాక్ష్యం.

మర్నాడు నేలకు టైల్స్ ఎంచడానికి నాయన హబ్సిగూడ షాపుకు బయలుదేరాడు. యాదగిరితోపాటు మణెమ్మనూ తీసుకెళ్తున్నాడని పొద్దున్నే తెలిసింది. నా ఇంటి బాత్‌రూం. నన్ను రమ్మనలేదు. "నీకు క్లాసులున్నయి గద," అన్నాడు. ఉన్నాయి. మధ్యాహ్నం తలనొప్పి అని చెప్పి ఇంటికి వచ్చేశాను. తలనొప్పి లేదు. ఇంట్లో ఎవరూ లేరు.

బాత్‌రూం తలుపు తీసి నిలబడ్డాను. నీళ్ళు కదలకుండా, గీతకు సరిగ్గా ఆని ఉన్నాయి. ఎంత బాగా చేసింది!

మగ్గుతో తోడాను. ఒక మగ్గు తోడాక ఆగిపోవలసింది. ఆగలేదు. బకెట్టు నిండేదాకా తోడి, బట్టలుతికే చోట పారబోశాను. నీళ్ళు గీతకు ఒక వేలు మందం కిందికి దిగాయి. గోడ మీద తడి మరక మిగిలితే పాత గుడ్డతో తుడిచాను. తర్వాత మళ్ళీ క్యాంపస్‌కు వెళ్ళిపోయి, రోజూ వచ్చే వేళకే ఇంటికి వచ్చాను. కోపంలో చేశానని అనలేను. గోడ తుడిచిన మనిషికి కోపం ఒక సాకు కాదు.

నేను వచ్చేసరికి ముగ్గురూ బాత్‌రూం ముందే నిలబడి ఉన్నారు.

"చూసినవా పెద్దయ్యా? ఆడిమనిషి చేతిల తాపీ వెడితే గిట్లనే అయితది," అంటున్నాడు యాదగిరి.

"నేను మంచిగనే ఒత్తిన పెద్దయ్యా. నువ్వు చూడలేదా?" అంది మణెమ్మ.

నాయన నా వైపు తిరిగాడు. "బిడ్డా, నువ్వేమన్న నడిమిట్ల ఇంటికొచ్చినవా? నీళ్ళు ముట్టినవా?"

అడిగాడు. మీరు గమనించాలి, ఆయన నన్ను నేరుగా అడిగాడు.

"లేదు నాయనా. ఇప్పుడే వస్తున్న," అన్నాను.

నా మాటను ఆయన ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. తల ఊపాడు. "తప్పు ఆమెది కాదు యాదగిరీ. నా కన్నుది. నాకు కానొస్తలేదు ఇగ," అన్నాడు.

మర్నాడు యాదగిరి ఆ నేలను పగలగొట్టాడు. నాయన చూడలేక పడుకున్నాడు. నేను చూశాను. నీళ్ళు దిగి ఉంటే పెళ్ళలు తడిసి నల్లబడాలి. లోపల పొడిగా, తెల్లగా ఉన్నాయి. యాదగిరి ఒక పెళ్ళను తిప్పి చూసి, "ఏడనో పక్కకెళ్ళి దిగినయి," అని గోతంలో వేశాడు. అప్పుడైనా చెప్పవలసింది. చెప్పలేదు. నేల తనే మళ్ళీ వేశాడు. మణెమ్మను మళ్ళీ మా ఇంటికి తేలేదు.

ఆ తర్వాత నాయన మారిపోయాడు. అంతకుముందు క్యాంపస్‌లో సాయంత్రం నడకకు వస్తే ప్రతి గచ్చునూ కాలితో రాసి చూసి, ఇది ఎవడు చేశాడో అని తిట్టేవాడు, మెచ్చుకునేవాడు. అది మానేశాడు. తాపీ యాదగిరికి ఇచ్చేశాడు. గడియారం చూడమన్నా, మాత్రలు ఎంచమన్నా, "నువ్వు చూడు బిడ్డా, నా కన్ను నమ్మేటట్టు లేదు," అనేవాడు. డాక్టరు మాత్రం వయసుకు తగ్గ చూపే ఉందన్నాడు. అన్నింటికీ నా మీదే ఆనుకున్నాడు. అంటే నాకు కావలసింది నాకు దొరికింది. ఇది రాయడం అన్నింటికన్నా కష్టంగా ఉంది: మొదటి కొన్ని నెలలు నాకు సంతోషంగానే ఉండింది.

మూడేళ్ళకు నాయన పోయాడు. ఆఖరి రోజుల్లో ఎన్నోసార్లు పక్కన కూర్చుని నోరు తెరిచాను. చెబితే ఆయనకు తన కన్ను తిరిగి వచ్చేది. కూతురు పోయేది. ఆయన కోసమే చెప్పలేదని అప్పుడు అనుకున్నాను. అబద్ధం. నా కోసమే.

పోయినేడు క్యాంపస్‌లో కొత్త హాస్టలు కడుతున్న చోట ఎవరో "అక్కా" అని పిలిచారు. మణెమ్మ. తల మీద ఇసుక గమేళా. దించి, నవ్వుతూ వచ్చింది.

"పెద్దయ్య మంచిగున్నడా?"

పోయాడని చెప్పాను. చొక్కా చేతితో కళ్ళు తుడుచుకుంది. "నన్ను నమ్మి తాపీ ఇచ్చిండు అక్కా. నా పనితోని ఆయన మాట వడ్డడు. అప్పటిసంది నేను మళ్ళ తాపీ ముట్టలే. నువ్వు మనసుల వెట్టుకోకు," అంది.

ఆమె నన్ను క్షమించమని అడుగుతోంది. నేనేం చేశానో తెలుసా? ఆమె భుజం మీద చెయ్యి వేసి, "పోనీలే మణెమ్మా, అయిపోయిందేదో అయిపోయింది," అన్నాను. పెద్ద మనసున్న దానిలాగా. క్లాసుకు వేళయిందని వచ్చేశాను. ఇప్పుడు ఆ హాస్టలు పూర్తయింది. కూలీలు ఎటు పోయారో ఎవరూ చెప్పలేకపోయారు. నేను అడగడమే ఆలస్యంగా అడిగాను.

క్షమించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. క్షమించగల ఇద్దరిలో ఒకరు లేరు, ఇంకొకరికి ఏమీ తెలియదు. ఒక్క మాట మాత్రం ఎక్కడో ఒకచోట, ఎవరో ఒకరి ముందు, ఉన్నదున్నట్టు ఉండాలి. ఏడేళ్ళలో మొదటిసారి దాన్ని రాస్తున్నాను. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతోంది.

మణెమ్మా, నువ్వు వేసిన నేల కారలేదు.