స్వాతిని చూపించిన టీచర్

మా సైన్స్ టీచర్ చనిపోయారు. మొన్న మంగళవారం పొద్దున ఆమెను డయాలసిస్‌కు తీసుకుపోదామని ఆటో పిలుచుకుని ఉప్పునుంతలలోని ఆమె ఇంటికి వెళ్లాను. పక్కింటామె గుమ్మంలో నిలబడి ఉంది. "ఇగ ఆటో వద్దు బిడ్డా. తెల్లారంగనే పోయింది" అంది.

టీచర్‌కు పిల్లలు లేరు. భర్త ఎప్పుడో పోయారు. రెండు కిడ్నీలూ చెడిపోయాక నాగర్‌కర్నూల్ దవాఖానకు వారానికి మూడుసార్లు నేనే తోడు వెళ్లేదాన్ని. పదో తరగతి తప్పి బడి మానేసిన నన్ను తన ఇంట్లో కూర్చోబెట్టుకుని మళ్లీ పరీక్ష రాయించింది ఆమే. సూది గుచ్చుతుంటే కూడా కళ్లు మూసుకోకుండా, ఆ మిషన్ ఎలా పనిచేస్తుందో నర్సును అడిగేవారు. ఆమె దగ్గర చదివినవాళ్లు మీలో ఉంటే ఈ మాట నమ్ముతారు.

ఈ వేసవిలో ఒకరోజు తిరుగు బస్సులో, చీకటి పడుతుండగా, తూర్పున నారింజ రంగు చుక్కను చూపించారు.

"గది స్వాతి. మన సూర్యుని కన్నా ముసలిది. నడిమిట్ల మండేది అయిపోయినంక గట్ల ఉబ్బింది." వాచిన తన పాదాల వైపు చూసుకుని నవ్వారు. "దానికింకా మస్తు కాలముంది. నాకే లేదు."

నా కిడ్నీ ఇస్తానంటే రక్తం కలవలేదని డాక్టర్లు అప్పటికే చెప్పేశారు. మర్నాడు ఆమెకు చెప్పకుండా గద్వాల వెళ్లాను. అక్కడ ఆమె తమ్ముడున్నాడు. తల్లి మంచాన పడ్డప్పుడు ఎవరు చూసుకోవాలన్న దగ్గర మాట పెరిగి, అక్కాతమ్ముళ్లు ఏళ్లుగా మాట్లాడుకోవడం లేదు. వాకిట్లోనే ఆయన కాళ్లు పట్టుకున్నాను.

"ఒక్కసారి రక్త పరీక్షలకైనా రండి సార్. బతుకుతది."

"నాకు చిన్న పిల్లలున్నరు. నాకేమన్నయితే వాళ్లకెవరు దిక్కు?" అని తలుపు వేసుకున్నాడు. ఆయన రక్తం కలిసేదో లేదో ఇక ఎప్పటికీ తెలియదు.

సంగతి చెబితే టీచర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు మంచం మీదినుంచే అన్నారు: "వాడు భయపడుతుండు. చిన్నప్పటి సంది గంతే. వాని మీద నాకేం కోపం లేదు."

దహనానికి ఆయన వచ్చాడు. కొరివి పెట్టాడు. అందరూ వెళ్లాక నా దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

"అక్క నా గురించి ఏమన్నా అన్నదా?"

"భయపడుతుండు అన్నది."

మిగతా మాట గొంతు దాకా వచ్చింది. చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో నన్ను నేను అడగలేకపోతున్నాను.

ఆయన చెప్పులు అక్కడే మరిచి, పక్క చేన్లో పీకేసిన పత్తికట్టె మధ్యనుంచి రోడ్డు వైపు నడిచాడు. సగం దూరంలో ఏదో గుచ్చుకున్నట్టుంది. ఒంటికాలి మీద ఆగి, వంగకుండా, చాలాసేపు అలాగే నిలబడిపోయాడు.