తిప్పయ్య చుట్టకు ఊరందరి నిప్పు

తిప్పయ్య చుట్ట మానడు, అగ్గిపెట్టె కొనడు. బెళుగుప్ప పక్కనున్న ఆ పల్లెలో ఇది పసిపిల్లలకు కూడా తెలుసు. పొద్దున్నే వడ్రంగి చిత్రిక ముందేసుకుని, పాత చెక్కల నుంచి జానెడేసి సన్నపుల్లలు తీస్తాడు. ఒక పుల్ల పట్టుకుని ఎవరింటికో పోయి, వాళ్ల పొయ్యిలో అంటించి, చుట్ట ముట్టించుకుంటాడు. పొద్దున ఒక ఇల్లు, సాయంత్రం ఇంకో ఇల్లు. సొంత పొయ్యి మాత్రం ఆయనకు పనికిరాదు.

భార్య సుంకమ్మకు ఇది పెద్ద తలవంపులు. పైగా ఆ పుల్లల కోసం ఇంట్లో కట్టె సామానంతా కరిగిపోతోంది. మొదట మంచంకోడు పోయింది. తర్వాత కాడి పోయింది. ఎద్దులే లేవు, కాడెందుకన్నాడు. ఆమె కూర్చునే పీట మీద ఆయన కన్నేసిన రోజున, లేస్తే దక్కదని సుంకమ్మ వంటయ్యేదాకా దాని మీంచి కదల్లేదు.

"అంగట్లో లైటరు తెచ్చిస్తి కదయ్యా! నొక్కితే సాలు, అగ్గొస్తాది."

"అగ్గొస్తాది. మాట్లాడతాదా?"

"సుట్టకు మాటలెందుకు?"

"ఉత్త సుట్ట ఏం బాగుంటాదే?" అని పుల్ల చెవి మీద దోపుకుని పోయాడు.

ఆ యేడు వాన మొహం చాటేసింది. శనక్కాయ పంట ఊడలు మట్టిలోకి దిగకముందే మాడిపోయింది. సగం ఊరు బెంగళూరు బస్సెక్కింది. మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూడలేక తలుపులేసుకున్నారు. ఇంత కరువులో ఈ మనిషి నిప్పు కోసం ఊరంతా తిరుగుతుంటే ఏడవాలో తిట్టాలో సుంకమ్మకు తెలియలేదు.

ఒక సాయంత్రం తిప్పయ్య, పొరుగింటి రామాంజులు దగ్గర్నుంచి పుల్ల వెలిగించకుండానే తిరిగొచ్చాడు. రామాంజులు వేయించిన బోరులో దుమ్మే వచ్చింది. భార్య కూలికి బెంగళూరు పోయింది. ఇంట్లో ఒక్కడే ఉన్నాడు.

"అగ్గి లేదన్నాడా?"

"నిన్నా లేదు, ఈ పొద్దూ లేదు. ఇంత రాగిపిండి మూట కట్టియ్యే."

"సుట్ట ముట్టించుకునేకి పిండెందుకయ్యా?"

ఆమె కట్టిచ్చిన మూట, పుల్లల కట్ట ఆయన చంకన పెట్టుకున్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి సొంత పొయ్యిలో పుల్ల ముట్టించి బయల్దేరాడు. గాలికి అది ఆరబోతే దాంతోనే ఇంకోటి అంటించాడు. మనిషికి మతిపోయిందనుకుంటూనే, సుంకమ్మ కొంగు అడ్డం పట్టి పక్కనే నడిచింది.

"అగ్గి లేదంటి కదా మామా, పో" అన్నాడు రామాంజులు లోపల్నుంచి.

"అగ్గి నేనే తెచ్చినా. పెట్టేకి పొయ్యి లేదు. తలుపు తీయప్పా, సెయ్యి కాల్తాండాది!"

తలుపు తెరుచుకుంది. లోపల పొయ్యి చల్లగా, బూడిద కూడా గట్టిపడి ఉంది. తిప్పయ్య పుల్లల కట్టంతా అందులో కుక్కి మంట చేశాడు. పోయిన వారం ఆంజినమ్మ ఇంటికి అలసందలు, అంతకుముందు చౌడప్ప ఇంటికి బియ్యం ఎందుకు కట్టించాడో సుంకమ్మకు అప్పుడు అర్థమైంది. ఇన్నాళ్లు తిట్టినందుకు సిగ్గేసి, గబగబా ఎసరు పెట్టింది.

సంగటి వేడిగా రెండు ముద్దలు లోపలికి పోయాక రామాంజులు తలెత్తాడు.

"మామా, నువ్వు సుట్ట ముట్టించనే లేదే?"

తిప్పయ్య జేబు తడుముకున్నాడు, చెవి తడుముకున్నాడు. "ఓరి నీ! సుట్ట ఇంట్లోనే మర్సినా."

రామాంజులు చాలా రోజుల తర్వాత నవ్వాడు.

"అయితే పొద్దున్నే రా మామా. పొయ్యి ఎలిగించి పెడతా."