వంద నుంచి సున్నాకి

మాణిక్యాలరావు గారికి ఈ లోకంలో కదిలే ప్రతి వస్తువు మీదా ఒక్కటే అనుమానం, అది ఆగుతుందా అని. ఎవరు కొత్త బండి కొన్నా మైలేజీ అడగరు, రంగు చూడరు. చుట్టూ ఓసారి తిరిగి, "ఆగుద్దాండీ?" అంటారు. కాకినాడ ఆసుపత్రికి బంధువుని చూడ్డానికి వెళ్ళి, లిఫ్టు దగ్గరున్న మనిషిని అదే ప్రశ్న అడిగారట. అతను నవ్వేసరికి నాలుగంతస్తులూ మెట్లెక్కారు. అల్లవరంలో ఆయన రొయ్యల చెరువులకి మేత తోలే వ్యాను డ్రైవరు ఇస్సాకు అయితే, గేటు ముందు బండి ఆపి, "ఆగిందండి" అని చెప్పాకే సరుకు దించేవాడు.

అలాంటి మనిషి ఇంటికి వీరేంద్ర స్పోర్ట్స్ కారేసుకుని పెళ్ళిచూపులకి వెళ్ళాడు.

వీరేంద్రది మామిడికుదురు. రొయ్యల మేత, మందుల దుకాణం. కారు హైదరాబాదులో ఎవరో వాడి అమ్మేసిన జపాను బండి. రెండే తలుపులు, నేలకి జానెడెత్తు. వెనక సీట్లు ఉన్నాయంటే ఉన్నాయి గానీ, మనిషన్నవాడు కూర్చునేవి కావు. లోపల లక్ష్మీతులసి కాఫీలు పట్టుకొచ్చే వేళకి ఆమె తండ్రి కనిపించలేదు. వెతికితే, ఇస్త్రీ పంచెతో వాకిట్లో బోర్లా పడుకుని, చక్రం ఊచల సందుల్లోంచి టార్చిలైటు వేసి చూస్తున్నారు.

కారు గురించి అడుగుతున్నారు కదా అని వీరేంద్ర ఉషారుగా, సున్నా నుంచి వందకి ఆరు సెకన్లేనండి అన్నాడు.

"అలాగాండి," అన్నారాయన పంచె దులుపుకుంటూ. "మరి వంద నుంచి సున్నాకి ఎంతండి?"

 ఆ సంగతి వీరేంద్రని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అయినా సంబంధం కుదిరింది. అమ్మాయి అతనికి నచ్చింది, అమ్మాయి కూడా ఒకసారి అతని వంకా, రెండుసార్లు కారు వంకా చూసి తలూపింది. తండ్రి పెట్టిన షరతు ఒక్కటే. కారుకి పెద్ద బ్రేకులు వేయించాలి, అవి తనే ఎంచాలి, ఆ తర్వాతే ముహూర్తం.

ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, వీరేంద్ర లోపల్లోపల పొంగిపోయాడు. ఎర్రటి పెద్ద బ్రేకులు చక్రంలోంచి కనపడాలని అతనికీ ఎన్నాళ్ళనుంచో ఉంది. ఆరు పిస్టన్లతో డిస్కుని రెండు పక్కలా నొక్కి పట్టే సెట్టు బొమ్మ ఫోనులో ఉంది కూడా. అది పట్టుకుని మర్నాడే అల్లవరం వెళ్ళాడు.

మాణిక్యాలరావు గారు ఆ డిస్కు కొలత అడిగి, అట్టపెట్టె చింపి, అంత బిళ్ళ కత్తిరించి, కారు చక్రం లోపల పెట్టి చూశారు. ఊచలకి తగిలింది. అయితే పెద్ద చక్రాలు వేద్దామన్నాడు వీరేంద్ర. పెద్ద చక్రానికి టైరు పలచనవుతుందనీ, పలచటి టైరు మన గతుకుల్లో రెండు వానలు కూడా తట్టుకోదనీ ఆయన నెమ్మదిగా వివరించి, అట్ట తీసి దాచుకున్నారు. ఆరు పిస్టన్లు అక్కడితో పోయాయి.

నాలుగు పిస్టన్లకి దిగారు. ఈసారి డిస్కుని ఒరుసుకుని పట్టే ప్యాడ్ల దగ్గర పని ఆగింది. వీరేంద్ర రేసుల్లో వాడేవి చూపించాడు. వేడెక్కాయంటే ఉడుములా పట్టేస్తాయని చెప్పాడు.

"మరి వేడెక్కేదాకానండి?"

కొంచెం నెమ్మదిగా పడతాయని ఒప్పుకోవలసి వచ్చింది.

"ఆయ్. అంటే గేటు దాటగానే గేదె అడ్డమొస్తే, కాసేపు ఉండమ్మా, ఇంకా వేడెక్కలేదని దానికి చెప్పాలన్నమాట," అన్నారాయన. ఎగతాళికి కాదు, నిజంగానే ఆలోచిస్తూ అన్నారు.

ఇలా మాఘమాసం ముహూర్తాలు వెళ్ళిపోయాయి. ఫాల్గుణం కూడా వెళ్ళిపోయేలా ఉంది. వీరేంద్ర తల్లి వరహాలమ్మ, పిల్లనివ్వడం ఇష్టంలేక ఆ పెద్దమనిషి బ్రేకుల వంక పెడుతున్నాడని తేల్చేసింది. పైగా లక్ష్మీతులసి ఫోను చేసి ఇంకో వింత చెప్పింది. నాన్నగారు రోజూ ఆమెని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా రొయ్యలు తూచే కాటా గోడకి ఆనించి, దాన్ని కాలితో తొక్కమంటున్నారట. ఎందుకో చెప్పరట.

వీరేంద్రకి అభిమానం దెబ్బతింది. తన డ్రైవింగు మీద నమ్మకం లేదు, అంతే. నమ్మకం లేనిచోట పిల్లని చేసుకునేదేమిటి? తెంచుకునే వచ్చేద్దామని బయల్దేరాడు. కానీ ఆ పిల్ల లేకుండా ఇంక కుదరదని అతనికి అప్పటికే తెలిసిపోయింది.

చెరువు గట్టు మీద షెడ్డులో మాణిక్యాలరావు గారు కాటా తుడుస్తున్నారు.

"మావయ్యగారూ, నా మీద నమ్మకం లేకపోతే ఆ ముక్క చెప్పెయ్యండి. బ్రేకుల మీద పెట్టకండి."

ఆయన నిజంగా తెల్లబోయారు. గుడ్డ పక్కన పెట్టి, కుర్చీ లాగి, అల్లుడు కూర్చున్నాకే మాట్లాడారు.

"మీ గురించి ఎవరన్నారండీ? మీ కాలికి ఏ బ్రేకైనా పడుద్ది. పెళ్ళయ్యేక ఆ కారు మా అమ్మాయి నడుపుద్దండి. చూపులనాడే చూసేను, దాని కళ్ళన్నీ స్టీరింగు మీదే ఉన్నాయి. అది మీ అంత బలంగా తొక్కలేదు కదండీ. ఎంత తొక్కగలదో చూసి, దానికి సరిపడా బ్రేకులు ఎంచుతున్నాను."

 ఆమెకి డ్రైవింగు వచ్చా అని అడిగాడు వీరేంద్ర.

"మన ఇస్సాకు వ్యాను మీద నేర్చేసుకుందండి. నాకు తెలీదనుకుంటంది. ఆ వారంలోనే వ్యానుకి బ్రేకులన్నీ కొత్తవి వేయించేసేను." కాటా మీద పడ్డ ఈగని తోలారు. "చిన్నప్పట్నుంచీ దానికి అన్నీ వద్దనే చెప్పేనండి. సైకిలు వద్దన్నాను, స్కూటీ వద్దన్నాను. నా భయం అలాంటిది. ఇంక వద్దనకూడదని ఉంది. అనకుండా ఉండాలంటే, ఆ బండి ఆగాలి కదండీ."

వీరేంద్ర తల వంచుకున్నాడు. తర్వాత ఫోను తీసి, రేసు ప్యాడ్ల బొమ్మ తనే చెరిపేశాడు. మామా అల్లుళ్ళిద్దరూ కలిసి, పాత చక్రాల్లోనే పట్టే నాలుగు పిస్టన్ల సెట్టూ, మొదటి తొక్కుకే, చల్లగా ఉన్నా పట్టే ప్యాడ్లూ ఎంచి తెప్పించారు. ఎర్ర రంగు మాత్రం అల్లుడి కోసం ఆయనే అడిగి వేయించారు.

కొత్త ప్యాడ్లు డిస్కుకి కుదురుకోవాలంటే పదేపదే వేగం ఎక్కించి, పదేపదే బ్రేకు తొక్కాలి. మెకానిక్ ఆ సంగతి చెప్పినప్పుడు మాణిక్యాలరావు గారి ముఖం చూసి తీరాలి. జీవితంలో మొదటిసారి ఎవరో ఆయన భాషలో మాట్లాడారు. కాలవ గట్టు రోడ్డు మీదికి బయల్దేరారు. లక్ష్మీతులసి స్టీరింగు ముందు, పక్కన వీరేంద్ర, ఎవరూ కూర్చోలేని ఆ వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని ఆయన.

మధ్యాహ్నమంతా కారు పరిగెత్తింది, ఆగింది. ఆగినప్పుడల్లా వెనకనుంచి "ఊఁ" అని తృప్తిగా వినపడేది. ఇంక ఇంటికి తిరుగుదామనుకుంటూ ఉండగా, మలుపులో, ఆ గట్టునే బాతులు మేపుకునే వీరాయమ్మ మంద ఒక్కసారిగా రోడ్డెక్కేసింది. లక్ష్మీతులసి తొక్కింది. కారు ముక్కు వంచి, పక్కకి జరగకుండా, మొదటి బాతుకి రెండు బారల దూరంలో నిలబడిపోయింది.

"ఆగింది నాన్నగారూ," అంది లక్ష్మీతులసి.

 బాతులు కారు వంక కూడా చూడకుండా, ఊగుకుంటూ ఒకటొకటే కాలవలోకి దిగుతున్నాయి. చివరిది దిగేదాకా ఆయన చూసి, వెనకనుంచి చెయ్యి చాపి కూతురి భుజం తట్టారు.

"పోనీ అమ్మా," అన్నారు. "కాస్త స్పీడుగానే పోనీ. చీకటి పడకుండా పంతులుగారింటికెళ్ళి ముహూర్తం పెట్టించుకోవాలి."